బాపు తిప్పిన రింగు

కెమెరా ఇంటికి వచ్చిన రోజు నేను అన్నం తినలేదు. ఆకలి లేక కాదు, దాన్ని కింద పెట్టడానికి చేతులు ఒప్పుకోక.

అది 2020 ఆగస్టు. సూరత్‌లో వాన పడుతూ, ఆగుతూ, మళ్లీ పడుతూ ఉన్న రోజులు. ఊరి శివారు వడోద్‌లో మాది ఒక్కటే గది. అందులోనే ఒక మూల పొయ్యి, ఒక మూల దేవుడు, మిగిలిన రెండు మూలల్లో అమ్మ పనికి తెచ్చుకున్న చీరలు. వాటికి జిగురుతో రాళ్లు అంటించడం అమ్మ పని. ఆ చీరలన్నీ పక్కకు జరిపి, చాప మీద తువ్వాలు పరిచి, నల్లగా నిగనిగలాడే కెమెరాను దాని మీద కూర్చోబెట్టాను. పెళ్లిచూపులకు వచ్చినట్టు అమ్మ దాన్ని నాలుగు వైపుల నుంచీ చూసింది.

"నడుమ గింత పెద్ద బొక్క ఉన్నదేందే?"

"ఆడ లెన్సు పెట్టాలెనే."

"మరి అదేది?"

"లేదు."

దాచుకున్నదంతా ఊడ్చిపెట్టి బొక్క కొనుక్కొచ్చిన బిడ్డను ఏ తల్లయినా ఎలా చూస్తుందో, అమ్మ నన్ను అలాగే చూసింది.

నేనేం మరీ అంత తెలివితక్కువదాన్ని కాదు. లాక్‌డౌన్‌కు ముందు రెండేళ్లు రింగ్‌రోడ్డులో చీరల కేటలాగులకు ఫొటోలు తీసే ఒక స్టూడియోలో పనిచేశాను. చీరలు ఇస్త్రీ చేశాను, లైట్లు పట్టుకున్నాను, మోడళ్ల కుచ్చిళ్లకు పిన్నులు పెట్టాను. కెమెరాను మాత్రం తుడవడానికే ముట్టుకోనిచ్చారు. స్టూడియో మూతపడి ఓనరు రాజ్‌కోట్ వెళ్లిపోతూ సామాను అమ్ముతున్నాడని తెలియగానే పరుగెత్తాను. లెన్సులు అప్పటికే పోయాయి. ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ ఒక్కటి మిగిలింది. కళ్లు మూసుకుని కొనేశాను. పైగా నాకు ఒక ఆశ ఉంది. చీరల వ్యాపారి హస్ముఖ్‌భాయి స్టూడియోకు వచ్చినప్పుడల్లా నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. ఫోన్ చేసి అడిగితే, పన్నెండు చీరలకు ఫొటోలు తీసి చూపించమన్నాడు. నచ్చితే దీపావళి కేటలాగు మొత్తం నాదే!

ఈ గొడవంతా జరుగుతుంటే బాపు గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు.

బాపు పేరు నర్సింగం. పాండేసరలో ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. జూలైలో కార్ఖానా తెరవగానే అందరికంటే ముందు వెళ్లింది బాపే. మాస్కు లేకుండా లోపలికి రానివ్వం అన్నారు. మాస్కు కట్టుకుంటే ఊపిరి పైకెక్కి కళ్లద్దాల మీద ఆవిరి. అద్దాలు తీస్తే పోగు కనపడదు. ఆ ఆవిరిలో ఒక పడుగు పోగు తెగిన సంగతి చూసుకోలేదు. రెండు రోజులు బట్ట అలాగే నేసుకుంటూ పోయాడు.

"కాకా, ఆంఖ్ గయీ ఆప్ కీ. గావ్ జాకే ఆరామ్ కరో," అన్నాడట కార్ఖానా సేఠు. కళ్లు పోయాయి, ఊరెళ్లి విశ్రాంతి తీసుకోమని, చాలా మర్యాదగా. ఆ మర్యాదే బాపును పడగొట్టింది. అతను అరిచి ఉంటే బాపు కూడా అరిచి, రెండు రోజులకు మామూలు మనిషై ఉండేవాడు.

అప్పటి నుంచి ఒకటే మాట. నవజీవన్ రైలు మళ్లీ నడవగానే సొంతూరు సిరిసిల్లకు పోవాలి. అక్కడ చేయడానికి ఏముందని అడిగితే గోడవైపు తిరిగేవాడు. రెండు బ్యాగులు సర్ది తలుపు పక్కన పెట్టేశాడు. నేను సూరత్‌లో పుట్టినదాన్ని. నా పని, నా స్నేహితులు, నా గుజరాతీ, నా తిట్లు, అన్నీ ఇక్కడివే.

"ఒక్క నెల ఆగు బాపు. హస్ముఖ్‌భాయి కేటలాగు ఇస్తే ఉందాం. లేకుంటే నువ్వు చెప్పినట్టె," అన్నాను.

బాపు గోడతోనే మాట్లాడాడు. "సరె. నెల అంటె నెలే."

*

లెన్సులు వచ్చింది బిస్కెట్ డబ్బాలో.

మా గల్లీ చివర బ్రహ్మచారి కాక ఉంటాడు. ఫిల్ము రోజుల్లో లింబాయత్‌లో ఆయనకు ఫొటో స్టూడియో ఉండేది. ఫోన్లు వచ్చి దాన్ని మింగేశాయి. పెళ్లాం పిల్లలున్నా పేరు మాత్రం బ్రహ్మచారి. ఆ మాటతో ఎగతాళి చేయనివాడు గల్లీలో లేడు. నా కెమెరా సంగతి ఎలా తెలిసిందో, వానలో గొడుగు పట్టుకుని వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. కరోనా భయానికి లోపలికి రాడు. డబ్బాను గొడుగు కొనతో లోపలికి నెట్టాడు.

"తీస్కో బిడ్డా. ఇరవై ఏండ్లు నాకు బువ్వ పెట్టినయ్."

మూత తీస్తే పాత బనియన్ గుడ్డల్లో చుట్టిన మూడు లెన్సులు. యాభై, ఎనభై అయిదు, నూట ముప్పై అయిదు మిల్లీమీటర్లవి. అన్నీ ఇనుము, గాజు. చేతిలో పెట్టుకుంటే బరువు మణికట్టు దాకా తెలిసింది. ఫోకస్ రింగు నెయ్యి రాసినట్టు తిరిగింది. ఇంకో రింగు తిప్పితే టిక్కు టిక్కుమని లోపలి రేకులు ముడుచుకున్నాయి. నేను అరిచేశాను. అమ్మ ఉలిక్కిపడి జిగురు చీర మీద ఒలకబోసుకుంది.

"బొమ్మ పట్టే సెన్సారు చిన్నగున్న కెమెరాకు ఇవి పెడ్తె అంచులు కోస్కపోతయ్," అన్నాడు కాక, గడప అవతలి నుంచే పాఠం చెబుతూ. "నీదాన్ల సెన్సారు ఫిల్మంత ఉన్నది. లెన్సు ఎంత సూత్తదో గంత పట్టుకుంటది. అద్దం గూడ లేదాయె, నడుమ ఒక రింగు పెడ్తె ఏ లెన్సయినా ఎక్కుతది."

ఆ నడిమి రింగును నా స్నేహితురాలు ఇందుజ ఆన్‌లైన్లో తెప్పించింది. నాలుగు రోజులు నాకు నిద్ర లేదు. కొరియరు అబ్బాయి గల్లీ మొదట్లో కనపడగానే చెప్పులు లేకుండా ఉరికాను. కాకను కేక వేశాను. ఎనభై అయిదును బిగించి, అమ్మను గుమ్మంలో కూర్చోబెట్టి, బటన్ నొక్కాను.

ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను. లెన్సు బిగించలేదు, ముందు బిగించు అని తెర మీద ఇంగ్లిషులో వచ్చింది. చదివి చెప్పాను.

"లేదా?" కాక గడప దాటి లోపలికి వచ్చేశాడు. కరోనా సంగతే మరిచిపోయాడు. "గింత లెన్సు మీద పెడ్తె లేదంటదా? దీని కండ్లు పోను!"

పాపం కెమెరా తప్పేం లేదు. కొత్త లెన్సులు కరెంటుతో దానికి తమ ఊరూ పేరూ చెప్పుకుంటాయి. ఈ పాత లెన్సుకు మాటలు రావు. మెనూ అంతా వెతికి వెతికి, లెన్సు లేకపోయినా ఫొటో తీయమని ఒక చోట ఉంటే దాన్ని ఆన్ చేశాను. ఈసారి చప్పుడైంది!

ముగ్గురం తెర మీదికి వంగాం. అమ్మ చెవి కమ్మ ముత్యంలా స్పష్టంగా, దాని వెనక మా గల్లీ మొత్తం రంగునీళ్లలా కరిగిపోయి. డ్రైనేజీ లేదు, కరెంటు తీగలు లేవు, ఎదురింటి బక్కెట్లు లేవు. కాకకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ మాత్రం, "చెవి తీసినవ్, మొకమేది?" అంది.

అమ్మ అన్నది నిజమే. అసలు చిక్కంతా అక్కడే ఉంది. నాకు స్టూడియో లేదు, పరదాలు లేవు. వెనకున్న చెత్తనంతా కరిగించాలంటే లెన్సును పూర్తిగా తెరిచి తీయాలి. అలా తెరిస్తే ఫోకస్ వేలెడు మందం కూడా ఉండదు. కన్ను దొరికితే చెవి పోతుంది, చెవి దొరికితే కన్ను పోతుంది. తనంతట తాను ఫోకస్ చేసుకునే కెమెరాలు చూసి పెరిగిన చేతులు నావి. రింగు ఒక వెంట్రుకంత ఎక్కువ తిరిగేది, వెనక్కి తెస్తే ఇంకో వెంట్రుక తక్కువయ్యేది. స్పష్టంగా ఉన్నచోట ఎర్ర గీతలు గీసి చూపించే సదుపాయం కెమెరాలో ఉంది. జరీ చీర కనపడితే చాలు, అది చీరంతా ఎర్రగీతలు గీసేసేది. వారం రోజుల్లో ఏడు వందల ఫొటోలు తీస్తే బాగున్నవి పది.

ఒక మధ్యాహ్నం అమ్మ రాళ్లు అంటిస్తోంది. ఆమె కట్టుకున్న చీర మీద నేను కుస్తీ పడుతున్నాను. కెమెరా స్టాండు మీద ఉంది. తెర మీద ఒక్క చోటును పది రెట్లు పెద్దది చేసుకుని, రింగు తిప్పుతూ, నోటికొచ్చినట్టు తిట్టుకుంటున్నాను. బాపు నీళ్లు తాగడానికి లేచాడు. నా వెనక నుంచి పోతూ పోతూ ఆగాడు.

"గిదేంది? పిక్ గిలాస్ లెక్కున్నది?"

పిక్ గిలాస్ అంటే బట్ట మీద పెట్టి పేక పోగులు లెక్కపెట్టే చిన్న మడత భూతద్దం. నేసేవాళ్లందరి జేబుల్లో ఉంటుంది. బాపుది జూలై నుంచి బ్యాగులో ఉంది.

"జరుగు," అన్నాడు.

జరిగాను. బాపు చేయి చాచినంత దూరంలో నిలబడి తెరను చూశాడు. అంత దూరానికి అద్దాలు అక్కర్లేదు. అద్దాలు లేవు కాబట్టి ఆవిరీ లేదు! బొటనవేలు, చూపుడువేలు రింగు మీద పెట్టి, తెగిన పోగుకు ముడి వేసేటప్పుడు ఎలా మెల్లగా నలుపుతాడో అలా నలిపాడు. మసక మసకగా ఉన్న బట్ట ఒక్కసారి పోగు పోగుగా విడిపోయింది.

"ఇగో, నిలవడ్డది. కొట్టు."

కొట్టాను. చూశాను. మళ్లీ చూశాను. అమ్మ చీర మీద దుమ్ము రేణువు కూడా కనపడుతోంది.

"బాపు! ఇంకోపాలి!"

"నిలవడ్డది. కొట్టు."

పదిహేను ఫొటోలు తీశాం. పదిహేనూ స్పష్టంగా ఉన్నాయి. నేను ఎగిరి గంతేస్తే స్టాండు పడబోయింది. పట్టుకున్నది కూడా బాపే. ఎన్ని రోజులైందో బాపు నవ్వి. పై పన్ను ఒకటి ఊడిపోయిన సంగతి నేను ఆ రోజే చూశాను.

ఆ పొద్దు నుంచి కెమెరాకు ఇద్దరం. బటన్ నాది, రింగు బాపుది. పొద్దున లేవగానే మొదలు. అమ్మను తీశాం, కాకను తీశాం, కాక గొడుగును తీశాం, ఆరేసిన బట్టలు గాలికి ఊగుతుంటే తీశాం. ఊగే బట్ట ఏ క్షణాన ముందుకొస్తుందో బాపు వేళ్లకు ముందే తెలిసేది. గోడవైపు తిరిగి పడుకోవడం మానేశాడు. అయినా తలుపు పక్క బ్యాగులు అలాగే ఉన్నాయి. అడిగితే, "నెల గాలేదు గదా," అనేవాడు.

*

ఇందుజ వాళ్లుండేది ఆల్థాన్‌లో, తొమ్మిది అంతస్తుల బిల్డింగు. వాళ్ల నాన్న జనార్దన్ గారు బ్యాంకు ఆఫీసరు. డాబా మీద పొద్దుటి పూట ఫొటోలు తీసుకోవడానికి సొసైటీ వాళ్లను ఒప్పించాడు. మాస్కులు, శానిటైజరు, మధ్యాహ్నం పన్నెండు లోపల ఖాళీ చేయడం, ఇవి షరతులు. మోడలు ఇందుజే. కాలేజీలో నాటకాలు వేసిన పిల్ల, ఆరు నెలలుగా ఇంట్లో బందీ. చీర కట్టుకుని గాలిలో నిలబడమంటే ఎవరికి చేదు?

హస్ముఖ్‌భాయి ఇచ్చిన పన్నెండు చీరల్లో ఏడు ఏడు రకాలు. మిగతా అయిదూ ఒకే డిజైను, అయిదు రంగులు. కొంగు నిండా నెమళ్లు. మర్నాడు పదకొండు గంటలకు ఫొటోలూ చీరలూ ఆయన దుకాణంలో ఉండాలి.

"అంకుల్, హుం రెడీ ఛుం!" అంది ఇందుజ, మొదటి చీరలో గిర్రున తిరిగి. "అయ్యో, మీతో కూడా గుజరాతీ వచ్చేసింది. రెడీ అంకుల్, షురూ కరో!"

"జర తిరుగుడు ఆపు బిడ్డా. ఊపిరి మెల్లగ పీల్చు," అన్నాడు బాపు.

ఆ ఉదయాన్ని ఎలా చెప్పను! ఆకాశం నిండా తెల్లటి పల్చని మబ్బు, నీడలు పడని వెలుతురు. చీరల మీద రంగు కడిగినట్టుంది. ఇందుజ వెనక నీళ్ల ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, సగం కట్టి ఆపేసిన అపార్టుమెంట్లు. ఆ ముసలి లెన్సు వాటన్నిటినీ మెత్తగా కరిగించి నీలం, బూడిద రంగు ముద్దలు చేసింది. నేను ఫ్రేము కట్టి "కన్ను బాపు!" అంటాను. బాపు తెర మీది చిన్న గడిని చీరంతా ఒకసారి తిప్పుకుంటూ వస్తాడు. బటన్ల మీద చేయి కుదరక అలా తిప్పుతున్నాడనుకున్నాను. "నిలవడ్డది," అంటాడు. టక్కున నొక్కుతాను. ఇందుజ పకపకా నవ్వుతుంది. నొక్కుతాను. పెద్ద స్టూడియోలో రోజంతా పట్టే పని మూడు గంటల్లో తొమ్మిది చీరలు దాటింది.

పది గంటలు దాటాక సముద్రం వైపు నుంచి నల్లమబ్బు లేచింది. ఇందుజ మెట్ల గదిలోకి ఉరికి చీర మార్చుకుని రావడం, నేను పిన్నులు పెట్టడం, బాపు రింగు తిప్పడం. తీసినవి చూసుకునే తీరిక లేదు. చిన్న తెర మీద అన్నీ బ్రహ్మాండంగానే కనపడుతున్నాయి. పన్నెండో చీర చివరి ఫొటో నొక్కగానే మొదటి చినుకు లెన్సు మీద పడింది. బాపు తన అంగీ విప్పి కెమెరాకు చుట్టి, బనియన్‌తో తొమ్మిది అంతస్తులు దిగాడు. లిఫ్టు ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

సాయంత్రం ఇందుజ ల్యాప్‌టాప్‌లో ఫొటోలు తెరిచాం. మొదటి ఏడు చీరలు చూసి ఇందుజ నన్ను పట్టుకుని ఊపేసింది. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు! ఎనిమిదో చీర తెరిచాను. ముఖం మసక. దాని తర్వాతది తెరిచాను. మసక. నెమళ్ల చీరలు అయిదింటిలో ఒక్క ఫొటోలో కూడా ఇందుజ కళ్లు లేవు. ఫోకస్ ఎక్కడికి పోయిందా అని పెద్దది చేసి చూశాను. కొంగు మీద, నెమలి మెడ దగ్గర, సన్నటి గీత ఒకటి. పోగు తప్పిన గీత. ఆ గీత మాత్రం గాజులా స్పష్టంగా ఉంది. అన్నిట్లో అంతే.

"బాపు, ఇదేంది?"

బాపు వంగి చూశాడు. ముఖం వెలిగింది. "ఔ, గదే. పొద్దుగాల్నే అనుకున్న. హుక్కు లేస్తలేదు."

"నేను కన్ను అన్న గదా! మొకం మీద పెట్టుమన్న గదా!"

బాపుకు అప్పుడు అర్థమైంది. తెర నుంచి మెల్లగా వెనక్కి జరిగాడు.

"కావాల్నని చెయ్యలే బిడ్డా. మొకం కాడికే పోతున్న. నడుమల తప్పు కనవడ్డది. తప్పు కనవడ్డంక చెయ్యి ముందటికి పోదు. ముప్పై ఏండ్ల సంది ఆడనే ఆగుతది."

"రేపు పొద్దుగాల పదకొండుకు ఇయ్యాలె బాపు! ఎట్ల జూపెట్టాలె ఇవి? అందుకే గదా నిన్ను కార్ఖానల కెల్లి..."

మాట మధ్యలోనే నాలుక కరుచుకున్నాను. అయినా బాపు చెవిలో పడాల్సింది పడిపోయింది. ఇందుజ తల వంచుకుని ల్యాప్‌టాప్ మూసింది. నాకు నా మీద అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చి బాపు చేసిన మొదటి పని, తాడు మీద ఆరేసిన తన లుంగీ మడిచి బ్యాగులో పెట్టడం.

*

పొద్దున నేను చీరలు మూటగడుతుంటే బాపు స్నానం చేసి తెల్ల అంగీ తొడుక్కుని వచ్చాడు.

"మోసేటోడు ఒకడు గావాలె గదా," అని మూట భుజానికెత్తుకున్నాడు.

హస్ముఖ్‌భాయి దుకాణం రింగ్‌రోడ్డు మార్కెట్లో మూడో అంతస్తు. ఆయనకూ నాకూ మాటలు నడిచేది గుజరాతీ కలిసిన హిందీలో. మీకు నేను తెలుగులోనే చెబుతాను, ఆయనేం నొచ్చుకోడు. హైదరాబాదు వ్యాపారులతో బేరాలాడి ఆయనకే సగం తెలుగు వచ్చు. గల్లాకు ముందు ప్లాస్టిక్ పరదా వేలాడుతోంది. దాని వెనక కంప్యూటర్లో ఒక్కొక్క ఫొటో తెరుస్తూ ఉన్నాడు.

"వాహ్! వాహ్ బేటీ! ఇది మన సూరతేనా? విదేశంలో తీసినట్టుంది!"

మొదటి ఏడు చీరలకూ ఆయన వాహ్ అంటూనే ఉన్నాడు. ఎనిమిదోది వచ్చింది.

"అరే, మొహం ఏమైంది ఈమెకు?"

"తప్పు జరిగింది భాయి. ఒక్క రోజు టైమివ్వండి. ఈ అయిదూ మళ్లీ తీసిస్తాను."

"దీపావళికి ఎన్ని రోజులుంది? రేపు మొదటి పేజీలు ప్రింటుకు పోవాలి బేటీ." ఆయన కోప్పడలేదు. అందుకే భయం వేసింది. మర్యాదగా మాట్లాడే సేఠులు ఏం చేస్తారో మా ఇంట్లో చూశాం. "ఏడు బాగున్నాయి, కాదనను. వేరే వాళ్లు కూడా అడుగుతున్నారు. తర్వాతెప్పుడైనా చూద్దాం."

వాన నీళ్లు కారే చెప్పులతో అలాగే నిలబడిపోయాను. నెల అంటే నెలే. ఇక నవజీవనే.

అప్పుడు బాపు మూట దించి, ప్లాస్టిక్ పరదాను చేత్తో పక్కకు జరిపాడు.

"సేఠ్, మొకం ఛోడ్ దో. వో మోర్ కా గర్దన్ దేఖో. బడా కర్కే దేఖో."

హస్ముఖ్‌భాయి విసుగ్గానే నెమలి మెడను పెద్దది చేశాడు. ఆయన చేయి మౌసు మీదే ఆగిపోయింది. పచ్చ చీర ఫొటో తెరిచాడు, అదే గీత. ఎరుపు, అదే గీత. లేచి వెళ్లి గోడౌన్లోంచి అదే డిజైను కొత్త చీర తెప్పించి, కిటికీ వెలుతురుకు పట్టాడు. బాపు వేలితో చూపించాడు. ఇంకోటి తెప్పించాడు. బాపు వేలు మళ్లీ అక్కడికే పోయింది.

"జకార్డ్ కా ఏక్ హుక్ మర్ గయా సేఠ్. పూరా లాట్ మే ఐసాచ్ రహేగా."

జకార్డ్ అంటే సాంచా మీద డిజైను కోసం పోగులు లేపే యంత్రం, దాని హుక్కు ఒక్కటి చచ్చినా లాటు మొత్తం అదే తప్పు. ఆ లాటులో నాలుగు వందల చీరలు. ఆ మధ్యాహ్నమే పార్సిలు కావాల్సినవి. కరోనా కాలంలో చీరలన్నీ ఫోన్లలో చూసి కొంటున్నారు, నచ్చకపోతే తిరగ్గొడుతున్నారు. రిటర్న్ అనే మాట వింటేనే మార్కెట్లో సేఠులకు వణుకు. హస్ముఖ్‌భాయి నేసిన వాళ్లకు ఫోన్ చేసి పావుగంట అరిచాడు. ఆ తిట్లు నాకే కొత్త. అరవడం అయ్యాక చెమట తుడుచుకుని, బాపుకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు.

"కాకా, మా దగ్గర ముగ్గురు చెకింగ్ వాళ్లున్నారు. ఒక్కడికీ దొరకలేదు. మీరు రేపటి నుంచి ఇక్కడికి వచ్చేయండి. ఈ కుర్చీ మీదే. మాల్ చూడటం ఒక్కటే పని."

ముప్పై ఏళ్ల కన్నును ఒక సేఠు పొగిడి, కుర్చీ వేసి పిలుస్తున్నాడు. బ్యాగులు విప్పొచ్చు. అమ్మకు ఫోన్ చేసి చెప్పొచ్చు. నా కేటలాగు పోతే పోయింది, కెమెరా అమ్ముకుంటే అమ్ముకుంటాను. ఒప్పుకో బాపు, ఒప్పుకో అని లోపల అరుస్తున్నాను.

బాపు చాయ్ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, మాస్కు పైకి లాక్కున్నాడు.

"మేరే కో నౌక్రీ హై సేఠ్."

"ఎక్కడ?"

"మేరీ బేటీ కే పాస్."

బిడ్డ దగ్గర నౌకరీ! హస్ముఖ్‌భాయి నా వైపు చూశాడు. నేను బాపు వైపు చూశాను. బాపు మాత్రం మూట విప్పి నెమళ్ల చీరలను ఒక పక్కకు తీసి పెడుతున్నాడు.

"ఇవి వాపస్ పంపు. మంచి మాల్ ఇయ్యి. ఫొటోకు ముందుగాల నేను సూస్త, తప్పుంటె పక్కకు పెడ్త, మంచిది బిడ్డ తీస్తది. రెండు పన్లు ఒక్క కాడనే అయితయ్. రేపు సాయంత్రం వరకు నీ టేబుల్ మీద ఉంటయ్." తెలుగులోనే చెప్పేశాడు. సగం తెలుగు వచ్చిన హస్ముఖ్‌భాయికి మొత్తం అర్థమైంది. గడ్డం గోక్కున్నాడు. తర్వాత ప్రింటు వాళ్లకు ఫోన్ చేసి ఒక్క రోజు ఆగమన్నాడు. గుమాస్తాను పిలిచి కొత్త చీరలు ఇరవై తీయించి మా ముందు పరిపించాడు. బాపు అక్కడే నిలబడి వాటిలోంచి రెండు వెనక్కి తోశాడు.

పద్దెనిమిది చీరల మూటతో మెట్లు దిగుతున్నాం. మొదటి అంతస్తులో ఆగిపోయాను.

"బాపు, నిన్న నేనన్నది..."

బాపు మూటను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. కార్ఖానాలో షిఫ్టు మారేటప్పుడు మేస్త్రీని ఎలా అడిగేవాడో, అదే గొంతుతో అడిగాడు.

"రేపు డ్యూటీ ఎన్ని గంటలకు?"

మూటకు ఒక పక్క చేయి వేశాను.

"ఆరింటికి," అన్నాను. "ఆలస్యం చేయొద్దు."

"ఎన్నడన్న జేసిన్నా?" అని బాపు నాకంటే ముందు మెట్లు దిగిపోయాడు.